పనిలో లీనమవడం ఎలా: బట్ట బిగించడం నుంచి సూది దించేదాకా

"కూర్చుంటాను గానీ మనసు నిలవదండీ, ఏం చేయమంటారు?" ఈ ప్రశ్నకు ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా జవాబులు చెబుతూ వచ్చాను. గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాళ్లు, ఇంటి నుంచి కోడ్ రాసేవాళ్లు, నలభై దాటాక వీణ మొదలుపెట్టిన ఒకావిడ అడిగారు. అడిగిన తీరు వేరైనా బాధ ఒకటే. ఈసారి మొదటి నుంచి చివరిదాకా వరసగా రాస్తున్నాను.

మా పిన్ని మగ్గం వర్క్ చేస్తుంది. సూది పట్టుకోవడానికి ముందు ఆవిడకు చాలా పని ఉంటుంది. బట్టను ఫ్రేముకు గుంజి కడుతుంది. వేలితో కొట్టి చూస్తుంది, డప్పులా మోగాలి. ట్రేసింగ్ పేపరు మీద గీసిన డిజైనుకు సన్నగా చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడరు రుద్ది అచ్చు దింపుతుంది. పూసలు, చమ్కీలు, జరీ వేటికవి చిన్న గిన్నెల్లో పెట్టుకుంటుంది. ఆ తర్వాత కూర్చుందంటే పొయ్యి మీద కుక్కరు ఎన్ని కూతలు వేసిందో కూడా ఆవిడకు తెలియదు.

నేనేమో అనువాదం పని ముందు పెట్టుకుని, ఏడో నిమిషానికి ఫోను తీసేవాణ్ని. ఆవిడ మనసు గట్టిది, నాది పల్చన అనుకున్నాను చాలా ఏళ్లు. ఆవిడ బట్ట బిగించుకుని కూర్చుంటోంది, నేను వదులు బట్ట మీద సూది దించుతున్నాను. ఆ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

ఇలా లీనమయ్యే స్థితికి 'ఫ్లో' అని పేరు పెట్టి దశాబ్దాలపాటు పరిశీలించినవాడు మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త. ఈ విషయం మీద ఆయన మొదటి పుస్తకం 1975లో వచ్చింది. కొండలెక్కేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు, సర్జన్లు చెప్పిన అనుభవాల్లో ఆయనకు కొన్ని పోలికలు కనిపించాయి. తర్వాత ఏం చేయాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు. చేసింది సరిగ్గా వచ్చిందో లేదో వెంటనే తెలుస్తుంది. పని వాళ్ల సత్తాకు సరిపోయేంత కష్టంగా ఉంటుంది. ఈ మూడూ కుదిరినచోట టైము తెలియదు, 'నేనెలా చేస్తున్నాను' అన్న గుబులూ ఉండదు. కింద చెప్పేదంతా ఈ మూడింటినీ మన పనిలో కుదుర్చుకోవడం గురించే.

1. ఏ పనికి కూర్చుంటున్నారో ముందు తేల్చుకోండి

అన్ని పనులకూ లీనమవక్కర్లేదు. కరెంటు బిల్లు కట్టడం, మెయిళ్లకు జవాబులు, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూల్ ఫారాలు ఇవన్నీ కలిపి ఒక పూట పెట్టుకుని కానిచ్చేయండి. వీటిలో 'నాకు ఫ్లో రావడం లేదు' అని బాధపడకండి.

లెక్కలు, జవాబులు రాసే సాధన, కోడ్, సంగీతం, కుట్టు, బొమ్మలు, రచన లాంటివి దీనికి తగిన పనులు. నైపుణ్యం కావాలి, కొంచెం కష్టపెట్టాలి, మధ్యలో తెగితే నష్టం ఉండాలి.

రెండేళ్ల పాప మెలకువగా ఉండగా మీరొక్కరే ఇంట్లో ఉన్నారనుకోండి, ఆ టైము దీనికి పనికిరాదు. అది మీ లోపం కాదు. పాప నిద్రపోయే నలభై నిమిషాలు దొరికితే అదే పెట్టుకోండి.

రీల్స్ చూస్తున్నా గంట గడిచిందని తెలియదు కదా, మరి అది ఫ్లో కాదా అని అడుగుతారు. లేచాక ఏం చూశారో ఐదు వాక్యాల్లో చెప్పండి చూద్దాం. టైము మరిచిపోవడం ఒక్కటే గుర్తు కాదు. అక్కడ మీ సత్తాకు పనేమీ పడలేదు.

2. ముందురోజు రాత్రి పది నిమిషాలు: అచ్చు దింపుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. పొద్దున కూర్చుని 'ఇవాళ ఏం చేద్దాం' అని ఆలోచించడం మొదలుపెడితే సగం బుద్ధి అక్కడే ఖర్చయిపోతుంది. పైగా ఆ ఆలోచనకు హద్దు ఉండదు, కనుక ఫోనుకు దారి తీస్తుంది.

రాత్రి పడుకునే ముందు ఒక చీటీ మీద పనిముక్క రాయండి. మూడు ప్రశ్నలకు అందులో జవాబు ఉండాలి: ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, అయిందని ఎలా తెలుస్తుంది.

ఇలా రాస్తే పనికిరాదు: 'పాలిటీ చదవాలి.'
ఇలా రాయండి: '19వ అధికరణలోని ఆరు స్వేచ్ఛలు, ఒక్కోదాని మీద ఉన్న పరిమితులు. చదివి, పుస్తకం మూసి, ఒక పేజీలో రాయాలి.'

పనికిరానిది: 'ప్రాజెక్టు పని.'
పనికొచ్చేది: 'తప్పు పాస్‌వర్డ్ ఇస్తే పేజీ ఆగిపోతోంది. కారణం పట్టుకుని, మూడు టెస్టులు పాస్ చేయించాలి.'

పనికిరానిది: 'వీణ సాధన, గంట.'
పనికొచ్చేది: 'మాయామాళవగౌళలో మూడో జంటవరుస. రెండు కాలాల్లో, తాళం తప్పకుండా, వరసగా మూడుసార్లు.'

చీటీ అడుగున ఒక వాక్యం చేర్చండి: 'ఫలానాది అవగానే ఫలానాది చేస్తాను.' ఉదాహరణకు, 'కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే కుర్చీలో కూర్చుని మొదటి లెక్క కాగితం మీద ఎక్కిస్తాను.' పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త ఈ రకం సంకల్పాల మీద చాలా పని చేశారు. ఉత్తుత్తినే 'రేపు చదువుతాను' అనుకున్నవాళ్ల కంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముడి వేసుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేస్తారని ఆయన చూపించారు. గడియారం టైము కంటే రోజూ ఎలాగూ జరిగే పనికి ముడి వేయడం నాకు బాగా కుదిరింది. ఆరు గంటలు దాటిపోవచ్చు గానీ కాఫీ మాత్రం తప్పదు కదా.

రాత్రి పడుకునే ముందు సరిచూసుకోవలసినవి:

☐ చీటీ రాసి బల్ల మీద పెట్టాను
☐ కావలసిన పేజీ తెరిచి, పెన్ను దాని మీదే ఉంచాను
☐ కంప్యూటర్‌లో ఆ ఒక్క ఫైలు తప్ప మిగతావన్నీ మూసేశాను
☐ నీళ్ల సీసా నింపాను
☐ ఛార్జర్ తగిలించాను (సగంలో లేచి వెతకడం మా ఇంట్లో రోజూ జరిగే తంతు)

3. కష్టాన్ని కొలవండి

పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే టెన్షన్. చిక్కేమిటంటే రెండింటిలోనూ చెయ్యి ఫోను మీదికే పోతుంది. కనుక చెయ్యి పోయిందని తిట్టుకోవడం కాకుండా ఎందుకు పోయిందో చూడాలి.

విసుగు గుర్తులు: ఆవలింతలు, పనిచేస్తూనే సాయంత్రం కూర గురించి ఆలోచన, చెయ్యి తనంతట తాను నడిచిపోవడం.

టెన్షన్ గుర్తులు: ఒకే లైను నాలుగుసార్లు చదవడం, ఉన్నట్టుండి బల్ల సర్దాలనిపించడం, దాహం లేకపోయినా నీళ్లకు లేవడం, 'ముందు ఇంకో వీడియో చూసి అప్పుడు చేద్దాం' అనిపించడం.

లెక్కలు, బిట్లు చేసేవాళ్లకు ఒక కొండగుర్తు చెబుతాను. ఇది నా అనుభవం లెక్క, పరిశోధనది కాదు. పది చేస్తే తొమ్మిదీ పదీ రైటయితే పని తేలిక. నాలుగు లోపైతే కష్టం. ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంటే అక్కడే కూర్చోండి.

తేలికగా ఉన్నదాన్ని పెంచడానికి టైము తగ్గించండి. చూసి రాసేది చూడకుండా రాయండి. ఒకటో కాలంలో వాయించేది రెండో కాలంలో వాయించండి.

కష్టంగా ఉన్నదాన్ని తగ్గించడానికి ముక్కను సగం చేయండి. చేసి చూపించిన లెక్క ఒకటి ముందు గమనించి, అలాంటిదే ఇంకొకటి చేయండి. వేగం పూర్తిగా వదిలేయండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కొత్తగా నేర్చుకుంటున్న కష్టమైన పాఠానికి కూడా స్టాప్‌వాచ్ పెట్టేస్తారు. 1908లో యెర్క్స్, డాడ్సన్ చిట్టెలుకల మీద చేసిన పాత ప్రయోగం నుంచీ తెలుస్తున్నదేమిటంటే తేలిక పని కొంత ఒత్తిడిని తట్టుకుంటుంది, కష్టమైన పని ఆ ఒత్తిడికే చెడిపోతుంది. బాగా వచ్చినదానికి గడియారం పెట్టండి. రానిదానికి వద్దు. మెయిన్స్‌లో మూడు గంటల పేపరు రాయాలి కాబట్టి మొదటిరోజు నుంచే మూడు గంటలు పట్టుకుని కూర్చోవడం నడక రాకముందే పరుగు పందెం లాంటిది.

4. ఫలితం కంటికి కనిపించాలి

నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఇదే, కనుక కాస్త విడమర్చి చెబుతాను.

మగ్గం మీద ప్రతి కుట్టూ కనిపిస్తుంది. వంకర పోతే అప్పుడే తెలుస్తుంది, విప్పి మళ్లీ వేస్తారు. కోడ్ నడిచిందో లేదో నిమిషంలో తేలుతుంది. వీణ తీగ అపస్వరం పలికితే చెవి పట్టేస్తుంది. ఇలాంటి పనుల్లో మనసు పారిపోవడానికి సందు తక్కువ.

చదవడంలో అలా కాదు. ఇరవై పేజీలు కళ్లు తిరిగేసినా బుర్రలోకి ఎక్కిందో లేదో పేజీ చెప్పదు. అందుకే చదువు దగ్గర నిలవని మనసు క్యారమ్స్ దగ్గర నిలుస్తుంది. పిల్లలు క్యారమ్స్‌లో లీనమవుతున్నారంటే ఏకాగ్రత వాళ్లకు ఉంది. పుస్తకం వాళ్లకు తిరిగి బదులు చెప్పడం లేదంతే.

కాబట్టి బదులు చెప్పని పనికి బదులు మీరే పుట్టించాలి. కొన్ని పద్ధతులు:

చదివేటప్పుడు ప్రతి రెండు పేజీలకు పుస్తకం మూసి, చిన్న కాగితం మీద గుర్తున్నవి రాయండి. తెరిచి సరిచూసి, మరిచిపోయినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. ఎరుపు తగ్గుతూ వస్తుంటే అదే మీకు కుట్టు కనిపించడం.

రాసేటప్పుడు పేరా పూర్తవగానే పైకి చదవండి. నేను అనువాదంలో చేసేది ఇదే. నోరు తడబడినచోట వాక్యం బాగాలేదని అర్థం. మొదట్లో ఇంట్లోవాళ్లు వింతగా చూశారు, ఇప్పుడు అలవాటైపోయింది.

వీడియో పాఠం చూసేటప్పుడు మాష్టారు లెక్క రాయగానే ఆపేసి, మీరు చేసి, అప్పుడు నడపండి. రెట్టింపు వేగంతో చూస్తూ 'సిలబస్ అయింది' అనుకోవడం కంటే సగం పాఠం ఇలా చూడటం మేలు.

పాడేటప్పుడో వాయించేటప్పుడో ఒక చిన్న భాగం ఫోనులో రికార్డు చేసి వినండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి సుమా.

ఒక హద్దు కూడా ఉంది. ప్రతి వాక్యానికీ ఆగి సరిచూసుకుంటే పని ముందుకు సాగదు. మొదటి చిత్తుప్రతి రాసేటప్పుడు పేరా పేరాకు చాలు. మార్కులు, లైకులు, బాస్ మెప్పు ఇవేవీ ఇక్కడ పనికొచ్చే ఫలితాలు కావు. అవి ఆలస్యంగా వస్తాయి, పైగా మన దృష్టిని పని మీంచి మన మీదికి తిప్పేస్తాయి.

5. చోటు, ఫోను, ఇంట్లోవాళ్లు

ఫోను సైలెంట్‌లో పెట్టి బోర్లించడం చాలదు. 2017లో ఏడ్రియన్ వార్డ్ బృందం అమెరికాలో ఒక ప్రయోగం చేసింది. ఫోను పక్క గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే బుద్ధికి పని చెప్పే పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నిట్లో ఇదే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని వేదంగా పట్టుకోవద్దు. కానీ పక్క గదిలో పెట్టడానికి ఖర్చేం లేదు కదా. నేనైతే బియ్యం డబ్బా మీద పెడతాను. వెళ్లి తీయాలంటే నలుగురూ చూస్తారు.

అత్యవసరం సంగతేమిటంటే, ఇంటికి కావలసిన ఇద్దరు ముగ్గురి నంబర్లకు మాత్రమే రింగ్ వచ్చేలా పెట్టుకోండి. చాలా ఫోన్లలో ఆ సౌకర్యం ఉంది.

ఇంట్లో చోటు లేకపోతే బయట వెతకండి. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీపరీక్షల వాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎందుకు కూర్చుంటారనుకున్నారు? పుస్తకాల కోసమే అయితే అద్దె గదిలోనూ ఉన్నాయి. చుట్టూ అందరూ తలవంచుకుని ఉంటే మన తలా వంగుతుంది. మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. గుడి మండపం, మూసిన ట్యూషన్ గది, మేడ మీది వాటర్ ట్యాంకు నీడ, ఏదైనా సరే. రోజూ అదే చోటు కావాలి, అక్కడ వేరే పని చేయకూడదు.

ఇంట్లోవాళ్లతో గొడవ పడకుండా ఒక ఒప్పందానికి రండి. 'నన్ను కదిలించొద్దు' అంటే ఎవరికీ నచ్చదు. 'అత్తయ్యా, ఎనిమిదిన్నరకు లేస్తాను, లేవగానే కూరగాయలు తరిగిస్తాను' అంటే నచ్చుతుంది. ముగింపు టైము చెప్పడం, చెప్పిన టైముకు లేవడం ముఖ్యం. మూడుసార్లు మాట నిలబెట్టుకుంటే నాలుగోసారి వాళ్లే పిల్లలను ఆపుతారు. రెండుసార్లు తప్పితే ఒప్పందం పోయినట్టే.

పాటల విషయం. చదవడం, రాయడం లాంటి మాటలతో ముడిపడిన పనికి మాటలున్న పాట అడ్డం. అర్థమయ్యే భాషైతే మరీనూ. ఫ్యాన్ చప్పుడు, వేణువు లాంటి వాద్యం ఫర్వాలేదు. చేతిపనికి పాట అడ్డం రాదు. మా పిన్ని పాత పాటలు పెట్టుకునే కుడుతుంది.

6. ఒళ్లు, నిద్ర, తిండి

దీని గురించి ఎక్కువ చెప్పను. నిద్ర చాలకపోతే పైవన్నీ వృథా. రెండు గంటలు నిద్ర తగ్గించి ఆ రెండు గంటలు చదివితే లాభం లేదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత మగత సహజం, దానికి తోడు నిండా అన్నం తింటే కళ్లు మూతలే. ఆ గంట కష్టమైన పనికి పెట్టకండి. బిల్లులు, మెయిళ్లు అప్పుడు చూసుకోండి, లేదా ఇరవై నిమిషాలు కునుకు తీయండి.

కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. సాయంత్రం ఆరింటి కాఫీ రాత్రి నిద్రను చెడగొట్టి, రేపటి పొద్దుటి పనిని పాడుచేయవచ్చు.

7. కూర్చున్నాక మొదటి ఇరవై నిమిషాలు

లీనమవడం స్విచ్చు వేసినట్టు జరగదు. మొదటి పావుగంట దాదాపు ఎప్పుడూ చిరాగ్గానే ఉంటుంది. 'ఇవాళ మూడ్ లేదు' అని లేచిపోయేది ఈ పావుగంటలోనే. పిన్నికి కూడా మొదటి పువ్వు మెల్లగానే సాగుతుంది.

మొదటి రెండు నిమిషాలు: బుర్రలో తిరిగేవన్నీ ఒక కాగితం మీదికి దించండి. ఎల్‌ఐసీ ప్రీమియం, అన్నయ్యకు ఫోను, చెప్పు తెగింది. ఒక్కోదాని పక్కన ఎప్పుడు చేస్తారో రాయండి. ఆ 'ఎప్పుడు' రాయడమే కీలకం. పూర్తికాని పనులు బుర్రను గెలుకుతూ ఉంటాయని, వాటిని పూర్తిచేయక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో తేల్చుకున్నా ఆ గెలుకుడు తగ్గుతుందని 2011లో మసికాంపో, బామైస్టర్ ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది.

మూడు నుంచి ఐదు: చీటీ చదవండి. మొదటి అడుగు వేయండి. అది సిగ్గుపడేంత చిన్నదిగా ఉండాలి: లెక్క ప్రశ్నను కాగితం మీద ఎక్కించడం, నిన్నటి చివరి పేరా పైకి చదవడం, శ్రుతి సరిచూసుకోవడం.

ఆరు నుంచి పదిహేను: బాగా రాకపోయినా ఆపకండి. ఈ పది నిమిషాల్లో నాణ్యతను తూచకూడదు. మనసు పోతే తిట్టుకోకుండా చీటీ మీద వేలు పెట్టి 'ఎక్కడున్నాను' అని చూసుకుని కొనసాగించండి. పదిసార్లు పోతే పదిసార్లు.

పదహారు నుంచి ఇరవై: ఇక్కడ సెక్షన్ 3 గుర్తు చేసుకోండి. ఇంకా నడవకపోతే విసుగా, టెన్షనా? దాన్ని బట్టి పెంచండి, తగ్గించండి. కుర్చీలోంచి లేవకుండానే.

ఇరవై తర్వాత గడియారం చూడకండి. గోడ గడియారం ఎదురుగా ఉంటే కుర్చీ తిప్పుకోండి. 'లీనమయ్యానా?' అని మధ్యలో పరీక్షించుకోవద్దు. నిద్ర పట్టిందా అని చూసుకుంటే నిద్ర ఎగిరిపోతుందే, అలాగే ఇదీ.

8. మధ్యలో తెగితే

తెగుతుంది. కాలింగ్ బెల్లు మోగుతుంది, కరెంటు పోతుంది, పాలవాడు వస్తాడు.

లేచే ముందు ఐదు సెకన్లు తీసుకుని, ఆగినచోట తర్వాతి అడుగు రాయండి. 'ఇప్పుడు రెండో సమీకరణంలో x విలువ వేయాలి.' అంతే. తిరిగొచ్చాక ఈ ఒక్క లైను పది నిమిషాలు మిగులుస్తుంది.

ఒక పని వదిలి ఇంకోదానికి మారితే బుద్ధిలో కొంత భాగం మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. గిన్నెకు అంటిన నూనెజిడ్డు లాంటిది, నీళ్లు పోస్తే పోదు. 'వాట్సాప్ ఒక్క నిమిషమే చూశాను' అన్నదాంట్లో ఖర్చు ఆ నిమిషం కాదు, ఆ జిడ్డు.

అష్టావధానంలో ఎనిమిదిమంది కదిలిస్తుంటే అవధాని చేయడం లేదా అని కొందరు వాదిస్తారు. బాగా గమనించండి. దత్తపదికి (ఇచ్చిన మాటలతో పద్యం కట్టడం) పాదం చెప్పేటప్పుడు ఆయన దానిలోనే ఉంటారు. అది ముగించి, ధారణలో పెట్టి, తర్వాతిదానికి వెళతారు. అప్రస్తుత ప్రసంగి అడ్డుపడటం కూడా ముందే ఒప్పుకున్న ఆట. ఏళ్ల సాధన ఉన్నవాళ్ల విద్య అది. పది ట్యాబులు తెరుచుకుని కూర్చోవడానికి దాన్ని సాక్ష్యంగా తేవద్దు.

అడ్డంకి పావుగంట దాటితే మొదటి రెండు నిమిషాల కాగితం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తిన్నగా పనిలోకి దూకితే చిరాకే మిగులుతుంది.

9. ఎప్పుడు ఆపాలి

పాతిక నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి ఫ్రాన్సెస్కో సిరిల్లో పెట్టింది, టమాటా ఆకారంలోని వంటింటి టైమరు పేరు మీద. పని మొదలుపెట్టడానికి భయపడేవాళ్లకు అది మంచి ఊతకర్ర. కానీ సరిగ్గా లీనమైన వేళ గంట మోగి లేపేస్తుంది. నా సలహా: మొదటి గంట మోగినప్పుడు పని నడవకపోతే విరామం తీసుకోండి, నడుస్తుంటే గంట ఆపేసి కొనసాగించండి.

మొత్తంగా గంట నుంచి గంటన్నర ఒక బైఠక్ చాలు. బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో ఆండర్స్ ఎరిక్సన్, సహచరులు రాసినదాని ప్రకారం అందరికంటే బాగా వాయించేవాళ్లు కూడా ఒంటరి సాధన రోజుకు నాలుగు గంటల దరిదాపుల్లోనే చేసేవారు. మధ్యాహ్నం కునుకూ తీసేవారు. రోజుకు పద్నాలుగు గంటలు చదివానని చెప్పేవాళ్ల లెక్కలో ఎంత చదువు, ఎంత కుర్చీ అన్నది వాళ్లకే తెలియాలి.

అలసి పూర్తిగా ఎండిపోయాక ఆపకండి. తర్వాతి అడుగు ఏమిటో తెలిసినచోట ఆపి, దాన్ని చీటీ మీద రాయండి. రేపటి అచ్చు అక్కడే సగం దిగినట్టు.

లేచాక పది నిమిషాలు ఫోను వద్దు. నడవండి, మొక్కలకు నీళ్లు పోయండి, అంట్లు తోమండి.

ఒక హెచ్చరిక. బాగా లీనమయ్యేవాళ్లు పొయ్యి మీద పాలు పెట్టి కూర్చోకూడదు. మందులు వేసుకునేవాళ్లు, స్కూలు నుంచి పిల్లలను తేవలసినవాళ్లు అలారం పెట్టుకుని, ఆ గడియారాన్ని చేతికి అందనంత దూరంలో ఉంచండి. మా ఇంట్లో ఒక స్టీలు గిన్నెకు అడుగు నల్లగా ఉంటుంది, కారణం నేనే.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

"పూర్తిగా నిశ్శబ్దం దొరికాక మొదలుపెడతాను." దొరకదు. ఉన్న చప్పుడులో కుర్చీ తిప్పి కూర్చోండి.

"కొత్త యాప్, కొత్త డైరీ, రంగు పెన్నులు కొన్నాను." పని మొదలుపెట్టకుండా పని చేసినట్టు అనిపించే దారి ఇది. రెండు వారాలు చీటీ, పెన్నుతోనే నడపండి.

"నిన్న అద్భుతంగా కుదిరింది, ఇవాళ రాలేదు." నిన్నటి అనుభవం కోసం ఎదురుచూస్తున్నారు, అందుకే రాలేదు. ఇవాళ్టి చీటీ మాత్రం చూడండి. కుదరని రోజు కూడా పనిముక్క పూర్తయితే చాలు.

"సబ్జెక్టే నచ్చదు." నచ్చని సబ్జెక్టులో ఇరవై నిమిషాల ఆటలు కట్టండి: ఐదు సంవత్సరాలు, ఐదు చట్టాలు, చూడకుండా జతపరచడం. నచ్చకపోయినా ఫలితం కనిపిస్తే చెయ్యి నడుస్తుంది. అప్పటికీ నడవకపోతే లీనమవకుండానే ముగించేయండి. అన్నం ప్రతిపూటా రుచిగా ఉండదు కదా.

"అన్నీ చేశాను, నెలలైనా నిలవడం లేదు." చిన్నప్పటి నుంచీ ఇంతేనా, లేక ఈమధ్య మొదలైందా చూడండి. చిన్ననాటి నుంచీ ఉండి, చదువు, ఉద్యోగం, ఇల్లు అన్నిచోట్లా ఇబ్బంది పెడుతుంటే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవనివ్వని సమస్య) కావచ్చు. ఈమధ్య మొదలై, దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, ఆకలి మారితే డిప్రెషన్ కావచ్చు. గట్టిగా గురక పెడుతూ పగలంతా తూగితే నిద్రకు సంబంధించిన జబ్బు కావచ్చు. ఇవి సంకల్పంతో తీరేవి కావు, డాక్టరుకు చూపించాలి. సైకియాట్రిస్టు అనగానే భయపడే ఇళ్లలో ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లినా దారి దొరుకుతుంది.

11. మొదటి రెండు వారాలు ఇలా

1 నుంచి 3వ రోజు: పని ఎంత అయిందన్నది మరిచిపోండి. రాత్రి చీటీ రాయడం, పొద్దున ఇరవై నిమిషాలు కూర్చోవడం. అంతకుమించి వద్దు, బాగా వస్తున్నా వద్దు.

4 నుంచి 7వ రోజు: నలభై నిమిషాలు. ఫోను పక్క గదిలోకి. ఇంట్లోవాళ్లతో ముగింపు టైము ఒప్పందం.

8 నుంచి 11వ రోజు: సెక్షన్ 4లోంచి మీ పనికి సరిపోయే ఒక్క పద్ధతి చేర్చండి. ఒక్కటే. కూర్చునేది గంట.

12 నుంచి 14వ రోజు: గంటంబావు దాకా. ప్రతిరోజూ లేచాక చీటీ వెనక మూడు ముక్కలు రాయండి: విసుగా టెన్షనా సరిపోయిందా; ఎన్నిసార్లు తెగింది; రేపటి మొదటి అడుగు.

పద్నాలుగో రోజు రాత్రి ఆ చీటీలన్నీ నేల మీద వరసగా పరచండి. బాగా నడిచిన రోజులు ఏ టైములో, ఏ చోట, ఎంత చిన్న పనిముక్కతో నడిచాయో చూడండి. నావి పరిచినప్పుడు బాగా నడిచినవన్నీ తెల్లవారుజామువే అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి కరెంటు పోయిన మధ్యాహ్నం, వైఫై కూడా లేని రోజు.